పరాయి దేశంలో మన మర్యాద ఎందుకు కనిపించదు?

బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో, అక్కడి ఉద్యోగుల క్యాంటీన్‌లో, భారత్, పాకిస్తాన్‌ల నుంచి వెళ్లిన ఆడవాళ్లు కొత్తగా వడ్డించే పనిలో చేరారు. చేరీ చేరగానే వాళ్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. మొహం మాడ్చుకుని ఉంటారని, పెడసరంగా మాట్లాడతారని పైఅధికారులదీ, భోజనానికి వచ్చే కార్గో సిబ్బందిదీ ఒకే మాట. నిజానికి ఆ ఆడవాళ్లు మాట్లాడేదే రెండు మూడు ముక్కలు. భాషా శాస్త్రవేత్త జాన్ గంపర్జ్ ఆ మాటలను రికార్డు చేసి పరిశీలించాడు. మాంసం వడ్డించాక గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ వాళ్లయితే ‘గ్రేవీ?’ అని చివర గొంతు పైకి లేపుతారు. మన ఆడవాళ్లు అదే మాటను గొంతు దించి ముగించేవారు. వాళ్ల చెవికి అది మామూలు ప్రశ్నే. బ్రిటిష్ చెవికి మాత్రం ‘ఇది గ్రేవీ, ఇష్టమైతే తిను’ అన్నట్టు వినిపించింది. రికార్డింగులు వినిపించేదాకా తమ వల్ల జరుగుతున్న పొరపాటేమిటో ఆ ఆడవాళ్లకు తెలియలేదు. తమను వేరుగా చూస్తున్నారనే బాధపడ్డారు. ఆ గొంతు వెనుక పొగరేమీ లేదని పైఅధికారులకూ అప్పుడే తెలిసింది.

1982లో గంపర్జ్ ప్రచురించిన ఈ ఉదంతంలో అందరూ దాటిపోయే సంగతి ఒకటుంది. ‘వీళ్లకు ఇంగ్లిష్ సరిగా రాదు’ అని ఎవరూ అనలేదు. ‘వీళ్ల ప్రవర్తన బాగాలేదు’ అన్నారు. మరుసటి ఏడాది, 1983లో, జెన్నీ థామస్ అనే బ్రిటిష్ భాషావేత్త ఈ తేడాను సూటిగా చెప్పింది. పరాయి భాషలో వ్యాకరణం తప్పితే ఎదుటివాళ్లు దాన్ని భాష రాకపోవడంగా తీసుకుంటారు, సర్దుకుపోతారు. మర్యాద తప్పితే మాత్రం దాన్ని మనిషి గుణానికి అంటగడతారు. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తడబడుతూ మాట్లాడే మనిషికి దొరికే మినహాయింపు, గడగడా మాట్లాడే మనిషికి దొరకదు. ఇంజినీరింగ్ చదివి, జీఆర్‌ఈ రాసి, మంచి ఇంగ్లిష్‌తో అమెరికా వెళ్లిన కుర్రాడి మీద ‘కాస్త దురుసు’ అన్న ముద్ర ఎందుకు పడుతుందో చాలావరకు ఇక్కడే తెలుస్తుంది.

అలాగని విదేశాల్లో మర్యాద ఎక్కువ, మన దగ్గర తక్కువ అనుకోవడం పూర్తిగా తప్పు. ప్రతి సమాజమూ కొన్ని చోట్ల మర్యాదను ధారాళంగా చూపుతుంది, కొన్ని చోట్ల పొదుపుగా వాడుతుంది. తెలుగు ఇళ్లలో గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వందే మాట మొదలుపెట్టరు. పెద్దవాళ్లు వస్తే కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. భోజనాల వేళకు ఉన్న మనిషిని తినకుండా పంపరు. బంధుత్వం, వయసు, పరిచయం, ఇంటికి రాకపోకలు, వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు, మన మర్యాదకు లోటుండదు. ఇవేవీ లేని మనిషి సంగతి వేరు. బస్టాండులో పక్కన నిలబడ్డవాళ్లు, లిఫ్టులో ఎదురైనవాళ్లు, కౌంటర్ వెనుక బిల్లు కొట్టే అమ్మాయి, వీళ్లకు మాటల్లో మనం ఇచ్చేది చాలా తక్కువ. ఇవ్వకపోయినా ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు.

అమెరికాలో, బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో మర్యాద మొదలయ్యేదే ఆ ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర. విదేశానికి వెళ్లిన తెలుగు మనిషి అక్కడ ఒకరింటికి అతిథిగా వెళ్లడానికి ముందు వారాలో నెలలో అపరిచితుడిగానే గడపాలి. మన పెంపకం మనకు ఏ భాగం తక్కువ నేర్పిందో, సరిగ్గా ఆ భాగంలోనే ముందు పరీక్ష ఎదురవుతుంది. మనం దండిగా తీసుకెళ్లిన భాగాన్ని చూసే అవకాశం వాళ్లకు చాలాకాలం రాదు. విదేశాల్లో మనవాళ్లకు వచ్చే చిక్కుల్లో అధిక భాగానికి మూలం ఇదే.

పారిస్‌లో చిన్న బేకరీలోకి వెళ్లి, ముందు ‘బోంజూర్’ అనకుండా నేరుగా రొట్టె ధర అడిగితే, లోపలున్నవాళ్ల మొహంలో రంగు మారుతుంది. వాళ్ల లెక్కలో కొట్టులోకి అడుగుపెట్టడం అంటే ఒకరి చోటులోకి వెళ్లడం. పలకరింపు లేకుండా పని అడిగితే ఎదుటి మనిషిని యంత్రంలా చూసినట్టు. మన కిరాణా కొట్టు దగ్గర ‘అరకిలో కందిపప్పు’ అని నేరుగా అనడంలో అగౌరవం ఏమీ లేదు, ఎందుకంటే అక్కడ కొట్టతనికీ మనకూ రోజువారీ పరిచయం ఉంది. పరిచయం ఉన్నచోట పలకరింపు విడిగా అక్కర్లేదు. అమెరికాలో క్యాషియర్ ‘హౌ ఆర్ యూ’ అంటే ఆరోగ్యం గురించి అడిగినట్టు కాదు, ‘మిమ్మల్ని గమనించాను’ అని చెప్పినట్టు. సమాచారం కోసం కాకుండా కేవలం మనుషుల మధ్య తీగ తెగకుండా ఉంచడానికి వాడే ఇలాంటి మాటలను మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లోనే ప్రత్యేకంగా గుర్తించాడు. మనకూ ఉన్నాయి. సాయంత్రం వీధి అరుగు మీది మనిషి ‘ఏం, ఊరెళ్తున్నారా?’ అని అడిగేది మన బస్సు టైము కనుక్కోవడానికి కాదు. తేడా ఏమిటంటే మన పలకరింపు తెలిసినవాళ్ల మధ్యే తిరుగుతుంది.

ఇక అడిగే తీరు. తెలుగులో గౌరవం క్రియలోనే ఉంటుంది. ‘ఇవ్వు’కు ‘అండి’ తగిలిస్తే ‘ఇవ్వండి’ అయింది, పని పూర్తయింది. పైన ‘కాస్త’ చేరిస్తే ఇంకా మెత్తబడుతుంది. ‘కాస్త మంచినీళ్లు ఇవ్వండి’ అన్న మాటలో లోటేమీ లేదు. ఇదే మాటను ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్తే ‘అండి’ దారిలోనే రాలిపోతుంది. ‘గివ్ మీ వాటర్’ మిగులుతుంది, అది ఆజ్ఞ. ఇంగ్లిష్ క్రియకు గౌరవ రూపం లేదు కాబట్టి ఆ పనిని వాళ్లు డొంకతిరుగుడుగా చేస్తారు. ‘ఇవ్వగలరా’, ‘ఇస్తే బాగుంటుంది’, ‘మీకు ఇబ్బంది లేకపోతే’ అంటూ ఎదుటివాళ్లు కాదనడానికి ఒక తలుపు తెరిచి ఉంచుతారు. మన కుర్రాడు ప్రొఫెసర్‌కు రాసిన ఈమెయిల్‌లో ‘సార్’ మూడుసార్లు ఉన్నా, అడిగిన పని మాత్రం ఆజ్ఞ రూపంలో ఉంటుంది. ‘సార్’ వల్ల తన గౌరవం చేరిందని అతను అనుకుంటాడు. ఆ ప్రొఫెసర్ చూసేది క్రియను.

పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో మర్యాదకు ఒక సిద్ధాంతం ఇచ్చారు, 1987లో అది పుస్తకంగా వచ్చింది. వాళ్లు ఆధారంగా తీసుకున్న మూడు భాషల్లో ఇంగ్లిష్, మెక్సికోలోని ట్సెల్టాల్ భాషలతో పాటు మన పొరుగు తమిళం కూడా ఉంది. లెవిన్సన్ కోయంబత్తూరు ప్రాంతపు పల్లెలో ఉండి ఆ సమాచారం సేకరించాడు. వాళ్ల ప్రకారం ప్రతి మనిషికీ రెండు కోరికలుంటాయి. నలుగురూ తనను మెచ్చాలి, దగ్గరకు తీసుకోవాలి అన్నది ఒకటి. తన దారికి ఎవరూ అడ్డురాకూడదు, తనను బలవంతపెట్టకూడదు అన్నది రెండోది. మొదటిదాన్ని తృప్తిపరిచే మర్యాద దగ్గరవుతుంది, రెండోదాన్ని తృప్తిపరిచే మర్యాద దూరం జరుగుతుంది. ఈ విభజన చాలా ఉపయోగపడేదే. అయితే 1988లో యోషికో మత్సుమోటో అనే భాషావేత్త దీన్ని గట్టిగా ప్రశ్నించింది. ఎవరి దారికీ అడ్డురాకపోవడం అన్న ఆలోచన జపాన్‌కు సరిపోదని, అక్కడ మనిషి ముందు చూసుకునేది నలుగురిలో తన స్థానం ఏమిటన్నదేనని ఆమె వాదన. తెలుగు మనిషికి ఈ వాదన వెంటనే అర్థమవుతుంది. మేనమామను ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అని మనం ప్రతిసారీ ఆలోచించి ఎంచుకోం. వరస, వయసు, ఊరు కలిసి ముందే తేల్చేస్తాయి. గోదావరి జిల్లాల ఇంట్లో తప్పనిసరి అయిన ‘అండి’ తెలంగాణలోనో రాయలసీమలోనో చాలా ఇళ్లలో అంతగా వినిపించదు. అక్కడ తండ్రిని ‘నువ్వు’ అనడంలో ఉన్నది చనువు, ప్రేమ. పాస్‌పోర్టు అక్కర్లేకుండానే, రాజమండ్రి నుంచి కరీంనగర్‌కు బదిలీ అయిన ఉద్యోగి మొదటి వారంలో ఇది అనుభవిస్తాడు.

పిలుపు దగ్గర ఇంకో చిక్కు. మన దగ్గర పేరు పెట్టి పిలవడం పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చేసే పని. తెలియని మనిషిని పిలవాల్సి వస్తే వరస కలుపుతాం. ఆటో నడిపే అతను అన్న, కూరగాయలమ్మే ఆమె అక్కో పెద్దమ్మో. అమెరికా ఆఫీసులో యాభై ఏళ్ల మేనేజర్‌ను మొదటిరోజే పేరుతో పిలవమంటే నోరు రాదు. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1960లో యూరప్ భాషల్లోని పిలుపులను పరిశీలించి, వాటిని రెండు శక్తులు నడిపిస్తాయన్నారు. అధికారం ఒకటి, సమభావం రెండోది. యూరప్‌లో మొదటిది తగ్గి రెండోది పెరుగుతోందని చూపించారు. స్వీడన్‌లో ఈ మార్పు ఒక తరం కళ్లముందే జరిగింది. 1960ల దాకా అక్కడ మనిషిని హోదాతో పిలవాలి, ‘డాక్టర్ గారికి కాఫీ కావాలా’ అని డాక్టర్‌నే అడగాలి. 1967లో జాతీయ వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రోర్ రెక్సెడ్ తన సిబ్బంది అందరినీ ‘నువ్వు’ అనే పిలుస్తానని ప్రకటించాడు. అప్పటికే కదులుతున్న మార్పుకు అది గుర్తుగా నిలిచింది. ఇప్పుడు అక్కడ దాదాపు అందరూ అందరినీ ‘నువ్వు’ అనే అంటారు. మర్యాద నియమాలు కొండల్లాంటివి కావని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పేర్ల విషయంలో మనవాళ్లు పడే అసలు బాధ ఒకటి చెప్పాలి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు అమెరికా వీసా మీద ఆ పేరు ఇంటిపేరు గడిలో పడి, అసలు పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలనే పేరనుకుని పిలిచేవాళ్లు అక్కడ ఎదురవుతూనే ఉంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అక్కడ ఎవరికీ తెలియకుండా పోవడం చిన్న సంగతి కాదు. దాన్ని కాగితాల గొడవ అని తీసిపారేయకూడదు.

అసలు కథంతా భోజనం దగ్గర ఉంది. తెలుగు విందులో మొదటిసారి ‘వద్దండి’ అంటే అది వద్దని కాదు. రెండోసారి అన్నా అనుమానమే. మొహమాటం అనే గుణం మన భోజనాల వెనుక పెద్ద యంత్రాంగంలా పనిచేస్తుంది. అతిథి అడగకూడదు, వద్దంటూ ఉండాలి. ఇంటివాళ్లు ఆ వద్దును నమ్మకూడదు, కొసరి కొసరి వడ్డించాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వంగితే తప్ప నిజంగా చాలన్నట్టు కాదు. ఇందులో ఇద్దరికీ గౌరవం ఉంది. అతిథికి ఆశ లేదని తేలింది, ఇంటివాళ్లకు పిసినారితనం లేదని తేలింది. అమెరికన్ ఇంట్లో ఇదే ‘వద్దండి’ని మొదటిసారే నమ్మేస్తారు. మళ్లీ అడిగితే ఆ మనిషి మాటను నమ్మనట్టు, బలవంతపెట్టినట్టు అవుతుందని వాళ్ల భయం. ఫలితంగా మన పెద్దాయన కడుపు మాడ్చుకుని ఇంటికొస్తాడు, ‘ఒక్కసారి అడిగి ఊరుకున్నారు’ అని నొచ్చుకుంటాడు. అటు మన ఇంటికి భోజనానికొచ్చిన అమెరికన్ సహోద్యోగి, నాలుగోసారి వడ్డించిన పులిహోరను ఎలా తప్పించుకోవాలో తెలియక, తినలేక తినలేక తింటాడు. రెండు ఇళ్లలోనూ ఆప్యాయత నూటికి నూరుపాళ్లు నిజం.

ఈ మొహమాటం మన ఒక్కరిదే కాదు. ఇరాన్‌లో ‘తారోఫ్’ అనే ఆచారం ఉంది. కొట్టులో ధర అడిగితే యజమాని ‘మీ ముందు దీని విలువెంత, ఉంచండి’ అంటాడు. నిజంగా ఉంచుకుని వెళ్లిపోతే దొంగతనమే. రెండు మూడుసార్లు బతిమాలి డబ్బివ్వాలి. మనవాళ్లకు ఇది ఒకసారి చెబితే చాలు, ఇక్కడి మొహమాటానికి అన్నదమ్ముల వరస. అరబ్బు దేశాల్లో అతిథికి చిన్న పిడిలేని కప్పులో కాఫీ పోస్తారు, కుడిచేత్తో అందుకోవాలి. కప్పు ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనడానికి కప్పును కొద్దిగా అటూ ఇటూ ఊపి తిరిగివ్వాలి. మన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం చేసే పనే ఆ చిన్న ఊపు చేస్తుంది. 2015లో యునెస్కో ఈ అరబ్బు కాఫీ సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్లకు అమెరికా భోజనాల బల్ల కన్నా ఈ మజ్లిస్, అంటే అతిథులను కూర్చోబెట్టే అరబ్బు చావడి, త్వరగా అర్థమయ్యే అవకాశం ఎక్కువ. దూరం మైళ్లలో కొలిస్తే సరిపోదు.

ప్రశ్నల విషయం కూడా ఇలాంటిదే. పిల్లలెంతమంది, పెళ్లయిందా, జీతమెంత, ఇల్లు సొంతమా అద్దెకా అని రైల్లో ఎదురు సీటు మనిషి అడిగితే మనకు కోపం రాదు. ఆ ప్రశ్నలతో అతను మనకో స్థానం ఇస్తున్నాడు, ఎలా పిలవాలో, ఎంత చనువు తీసుకోవాలో తేల్చుకుంటున్నాడు. అమెరికాలో అదే ప్రశ్నలు మనిషి గోడ దూకి లోపలికి రావడంతో సమానం. పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వెళ్లి ఆరు నెలలదాకా ఉండే తల్లిదండ్రులు దీన్ని తీవ్రంగా అనుభవిస్తారు. పార్కులో పక్క బెంచీ మీది ముసలామెతో మాట కలపాలని ఉంటుంది. వాతావరణం గురించి, కుక్క గురించి మాట్లాడవచ్చు. ఆమె కొడుకు ఏం చేస్తాడో, ఆమె ఒంటరిగా ఎందుకుంటోందో అడగకూడదు. మన తల్లులకు తెలుసుకోవాలనిపించేది సరిగ్గా అదే. అందులో ఉన్నది ఆరా కాదు, అక్కర. ఆ అక్కరకు అక్కడ చోటు లేకపోవడం నిజమైన నష్టమే, ఇరువైపులా.

డబ్బు సంగతికొస్తే మర్యాద కాస్తా చట్టం పరిధిలోకి వెళ్తుంది. అమెరికాలో టిప్ ఇవ్వడం ఔదార్యం అనుకునేవాళ్లు ఒక అంకె తెలుసుకోవాలి. టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సిన కనీస కూలి, ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం) ప్రకారం, గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఇది మారలేదు. సాధారణ కనీస వేతనం 7.25 డాలర్లు, అదీ 2009 నాటిది. మధ్యనున్న తేడా గిరాకీల టిప్పుల నుంచి రావాలి, రాకపోతే యజమాని పూడ్చాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ఇప్పటికీ ఆ 2.13 లెక్కే. తెలుగువాళ్లు అంతే ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో మాత్రం ఈ వెసులుబాటు యజమానులకు లేదు, పూర్తి వేతనం ఇవ్వాలి. అయినా కూర్చుని తినే హోటల్లో 15 నుంచి 20 శాతం టిప్ రెండు చోట్లా ఆచారం. రూపాయల్లోకి మార్చి చూసుకుని అయ్యబాబోయ్ అనుకోవడం సహజం. అయితే టెక్సాస్ వెయిటర్‌కు టిప్ ఎగ్గొడితే కోత పడేది ఆ మనిషి కూలికే. కోపం ఉంటే చట్టం మీద ఉండాలి. కౌంటర్ దగ్గర కాఫీకి కూడా స్క్రీన్ తిప్పి టిప్ అడిగే కొత్త పద్ధతి మీద అమెరికన్లకే ఏకాభిప్రాయం లేదు, అక్కడ టెన్షన్ పడక్కర్లేదు. జపాన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. టిప్పుగా బల్ల మీద వదిలిన డబ్బును మరిచిపోయారనుకుని వెంట పరిగెత్తి తెచ్చిచ్చేవాళ్లు ఉంటారు. సేవకు ధర ముందే చెప్పాం, ఇంకా ఇస్తే లెక్క తప్పినట్టు అని వాళ్ల భావన.

జపాన్ మరో పాఠం కూడా నేర్పుతుంది. మర్యాద అంటే మనతో మాట్లాడే మనిషి పట్ల చూపేదని మన అలవాటు. అక్కడ, మనతో ఏ సంబంధమూ లేకుండా రైలు పెట్టెలో కూర్చున్న నలభైమంది కూడా లెక్కలో ఉంటారు. ఫోన్ శబ్దం ఆపేయాలి, మాట్లాడాలంటే దిగాక మాట్లాడాలి. హైదరాబాద్ మెట్రోలో స్పీకర్ పెట్టి రీల్స్ చూసే అలవాటుతో టోక్యో వెళ్తే ఎవరూ ఏమీ అనరు, అదే అసలు ఇబ్బంది. అనకపోవడం కూడా అక్కడ మర్యాదలో భాగం కాబట్టి, తప్పు చేస్తున్నామని తెలిసే దారే ఉండదు. ఓర్పుకూ హద్దుంటుంది. క్యోటోలోని గియోన్ పేటలో గీషాల (సంప్రదాయ ఆటపాటల కళాకారిణుల) వెంటపడి ఫొటోలు తీసే పర్యాటకులతో విసిగిపోయి, స్థానికులు 2019లో ప్రైవేటు సందుల్లో ఫొటో తీస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి పర్యాటకులను రానివ్వడమే మానేశారు. మాటతో చెప్పని నియమం చివరికి బోర్డెక్కింది.

శరీరం సంగతులు చాలామందికి తెలిసినవే. పెద్దవాళ్ల ముందు తల దించుకోవడం మన దగ్గర వినయం, అమెరికా ఇంటర్వ్యూలో దాపరికం. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో అమెరికన్లను చూసి వేసిన లెక్క ప్రకారం పరిచయం తక్కువున్న మనుషుల మధ్య నాలుగడుగుల పైన దూరం ఉండాలి. మన క్యూలో ఆ నాలుగడుగుల్లో ముగ్గురు నిలబడతారు. ఎడమచేతి మాట మాత్రం ఆగి చెప్పాల్సిందే, ఎందుకంటే ఇక్కడ నొచ్చుకునేది మనం. అమెరికన్ క్యాషియర్ ఎడమచేత్తో చిల్లర ఇస్తే మన పెద్దవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఆఫీసులో ఎవరో కాళ్లు బల్ల మీద పెట్టి బూటు మడమలు మన మొహం వైపు చూపిస్తే లోపల ఏదో కలుక్కుమంటుంది. కాలికి పుస్తకం తగిలితే కళ్లకద్దుకునే పెంపకం మనది. ఈ నొప్పులను మనవాళ్లు ఎప్పుడూ పైకి చెప్పరు. అందుకే మర్యాద తప్పేది ఎప్పుడూ మనమే అన్న భ్రమ రెండు వైపులా నిలబడిపోయింది.

తిరిగొచ్చినప్పుడు కథ ఇంకో మలుపు తీసుకుంటుంది. నాలుగేళ్లు అమెరికాలో ఉండొచ్చిన కొడుకు, కాఫీ అందించిన అమ్మకు ‘థాంక్స్ అమ్మా’ అంటే, ‘నాకు థాంక్స్ ఏంట్రా, నేనేమన్నా బయటిదాన్నా’ అంటుంది. ఆమె నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. తమిళ సమాజంలో కృతజ్ఞత గురించి 1985లో రాసిన వ్యాసంలో మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పదురై, దక్షిణాదిలో కృతజ్ఞతను మాటతో తీర్చేయకుండా తిరిగి చేసే మేలులో చూపుతారని వివరించాడు. మాటతో తీరిపోయేది బాకీ. అమ్మతో ఉన్నది బాకీ లెక్క కాదు. పేరుతో పిలవడం ఇప్పుడు గచ్చిబౌలి ఆఫీసుల్లోనూ మామూలైపోయింది. అదే మేనేజర్ గృహప్రవేశానికి వెళ్తే, అతని భార్యాపిల్లల ముందు, అప్రయత్నంగా ‘గారు’ వచ్చి చేరుతుంది.

ఇన్ని తేడాల్లో సర్దుకోవాల్సింది ఎవరు అన్న ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. తిరుపతిలోనో హంపీలోనో విదేశీ పర్యాటకులు ఎడమచేత్తో తింటే, చెప్పులతో గడప దాటబోతే, చిరునవ్వుతో చెబుతాం, ‘పాపం, తెలియదు’ అంటాం. వాళ్లు మన దగ్గర మొదటిరోజు నుంచీ అతిథులు. 2013లో పారిస్ ప్రాంత పర్యాటక సంస్థ, వాణిజ్య మండలి కలిసి వెయిటర్లకు, ట్యాక్సీ డ్రైవర్లకు ఒక చిన్న పుస్తకం పంచిపెట్టాయి. బ్రిటిష్ వాళ్లను పేరుతో పిలిస్తే సంతోషిస్తారని, చైనా వాళ్లకు చిరునవ్వు, వాళ్ల భాషలో ఒక పలకరింపు చాలని అందులో రాశారు. ఖర్చుపెట్టే చేతుల కోసం ఆతిథ్య దేశం తన మర్యాదను మార్చుకోగలదు, మార్చుకుంటుంది.

కూలికి వెళ్లిన మనిషికి ఆ సౌకర్యం లేదు. కువైట్‌లో ఇంటిపనికి చేరిన కోనసీమ ఆడమనిషి, దుబాయ్‌లో తాపీ పనికి చేరిన నిజామాబాద్ మనిషి అక్కడ అతిథులు కారు, సర్దుకోవాల్సిన బరువంతా వాళ్ల మీదే. రోడ్డు మీద కోపంతో చూపిన ఒక అసభ్య సైగ, వాట్సాప్‌లో పంపిన ఒక తిట్టు అక్కడ పోలీసు కేసు కాగలదు. మన దగ్గర నోరుజారడం అనిపించుకునేది అక్కడ ఉద్యోగాన్నీ, వీసానూ పోగొట్టవచ్చు. భారత విదేశాంగ శాఖ పనివాళ్లకు ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇస్తోంది, అందులో వెళ్లే దేశపు ఆచారాలు, చేయకూడని పనులు చెబుతారు. అది అవసరమే, ఇంకా ఎక్కువ రోజులు ఉండాలి, తెలుగులో, ఊరికి దగ్గరలో ఉండాలి. అదే సమయంలో ఆ ఇంటి యజమానురాలికి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఈ మనిషి తల దించుకున్నది దాచడానికి కాదు, మీ ముందు గౌరవంగా నిలబడటానికి. మీరు చెప్పింది విని తల అడ్డంగా ఆడించినప్పుడు ఆమె అన్నది ‘సరే’. ఈ రెండు ముక్కలు అరబిక్‌లో ఒక కాగితం మీద రాసి నియామక ఒప్పందంతో పాటు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.